సమాధుల మధ్య వెతుకులాట

సమాధుల దొడ్డిలో ఆట ఆడవచ్చునా? పాతికేళ్ల క్రితం మన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు విచారణల్లో ఏ పిల్లవాడైనా ఈ మాట అని ఉంటే పెద్దలు కసిరి ఊరుకునేవారు. ఈనాడు అలా కాదు. మన ఇళ్ల నుండి చదువులకూ ఉద్యోగాలకూ అమెరికా వెళ్లిన బిడ్డలున్నారు. అక్కడ పుట్టిన మనుమలున్నారు. అక్కడి పాత సమాధుల తోటల్లో పిల్లలూ పెద్దలూ కలసి ఆడే ఒక వెతుకులాట ఉంది. సెలవులకు వచ్చిన మనుమడు “మన ఊరి సమాధుల దొడ్డిలో కూడా ఆడదామా తాతయ్యా?” అంటే ఆ తాతయ్య ఏమి చెప్పాలి? వద్దనడం తేలిక. ఎందుకు వద్దో, లేక ఎందుకు సరేనో విడమరచి చెప్పడమే కష్టం.

ముందుగా ఆ ఆట ఏమిటో తెలుసుకుందాం. ఉపగ్రహాల ద్వారా మనిషి ఉన్న చోటును గుర్తించే పద్ధతిని జీపీఎస్ అంటారు. ఆ సంకేతాలను అమెరికా ప్రభుత్వం సామాన్యులకు కావాలనే కొంత తప్పుగా అందించేది. 2000వ సంవత్సరం మే నెల మొదట్లో ఆ అడ్డు తొలగించింది. వెంటనే మే 3వ తేదీన, ఆరెగన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక బకెట్టులో పుస్తకం, పెన్సిలు, కొన్ని చిన్న వస్తువులు పెట్టి అడవి దాపున దాచాడు. ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను అందరికీ ప్రకటించాడు. కొద్ది రోజుల్లోనే ఇతరులు వెతికి పట్టుకున్నారు. దొరికినవారు పుస్తకంలో పేరు రాయాలి. ఒక వస్తువు తీసుకుంటే బదులు ఇంకొకటి పెట్టాలి. జియోక్యాషింగ్ అనే పేరుతో ఆ ఆట లోకమంతా పాకింది.

అందులో చిక్కుముడి ఆటలు ఒక రకం. డబ్బా ఉన్న చోటు నేరుగా చెప్పరు. ఫలానా సమాధుల తోటకు వెళ్లు, మూడో వరుసలో మొదటి రాయి మీద పుట్టిన సంవత్సరం చూడు, దాని చివరి అంకె తీసుకో, పక్క రాయి మీద మరణించిన తేదీని దానికి కూడు అంటారు. అలా అంకె తరువాత అంకె పోగుచేస్తే చివరకు డబ్బా దాచిన చోటు తెలుస్తుంది. ఆ డబ్బా సాధారణంగా ప్రహరీ బయట ఎక్కడో ఉంటుంది. నూట యాభై ఏళ్ల క్రితం ఆ ప్రాంతాలకు మొదటగా వలస వచ్చినవారి సమాధుల తోటలు ఈ ఆటకు అనువైనవి. రాళ్లున్నాయి, రాతలున్నాయి, జనసంచారం తక్కువ.

దీన్ని సమర్థించేవారి మాట ముందు వినాలి. వారంటారు: ‘ఎవరూ తొంగిచూడని చోటికి ఈ ఆట వల్లనే నలుగురు వస్తున్నారు. చరిత్ర పుస్తకం తెరవని పిల్లవాడు ఒక రాయి ముందు మోకరించి, నాచు తుడిచి, అందులోని పేరు చదువుతున్నాడు. ముప్పై ఏళ్లకే ప్రసవంలో మరణించిన తల్లిని, వారం రోజులకే కన్నుమూసిన పసిబిడ్డను కలుసుకుంటున్నాడు. ఇందులో అపచారమేమిటి?’ ఈ మాటలో నిజముంది. ఆటగాళ్ల నియమాలు కూడా మంచివే. స్థలం యజమాని అనుమతి తీసుకోవాలి. డబ్బాను భూమిలో పాతిపెట్టకూడదు.

ఎదుటివారి మాటలోనూ నిజముంది. 2005లో అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రంలో సమాధుల తోటల్లో ఈ ఆటను కట్టడి చేయాలని ఒక బిల్లు వచ్చింది. ప్రతినిధుల సభ ఆమోదించింది గాని అది చట్టం కాలేదు. ‘అక్కడ పడుకున్నది మా అమ్మ, మా నాన్న. వారి మరణ దినం మీకు కూడికలో ఒక అంకె కాకూడదు’ అన్నది ఇలాంటివారి బాధ. బ్రతికి ఉన్న మనిషిని మన అవసరానికి పనిముట్టుగా వాడుకుంటే అతడు కాదనగలడు. మరణించినవాడు కాదనలేడు. కాదనలేనివాని దగ్గర మనం మరింత జాగ్రత్తగా ఉండాలి కదా!

మరి తీర్పు ఎలా చెప్పాలి? మనలో చాలామంది గౌరవం అంటే మౌనం అనుకుంటారు. గట్టిగా నవ్వితే అపచారం, తల వంచుకొని నిలబడితే భక్తి అని లెక్క వేస్తారు. కాని తల వంచుకొని నిలబడి పొలం గట్టు తగాదా గురించి ఆలోచించే వారుంటారు. సమాధి చుట్టూ పరుగెత్తుతూ తాత పేరు నేర్చుకునే పిల్లలూ ఉంటారు. కాబట్టి నవ్వా, మౌనమా అన్నది కాదు ప్రశ్న. ఆ వెతుకులాట దేని కోసం, ఎక్కడ ముగుస్తుంది అన్నదే ప్రశ్న. ఈ గీటురాయి మీద కొన్ని వెతుకులాటలను గీసి చూద్దాం.

మొదటిది రోము నగరంలో జరిగింది. 1849లో జొవాన్ని బత్తిస్తా డి రోసి అనే యువ పండితుడు ఒక ద్రాక్షతోటలో విరిగిన పాలరాతి ముక్కను చూశాడు. దాని మీద ఒక పేరు చివరి అక్షరాలు, ‘వేదసాక్షి’ అనే మాట మాత్రమే మిగిలి ఉన్నాయి. ఆ అక్షరాలను బట్టి అది 3వ శతాబ్దపు జగద్గురువులు పునీత కొర్నేలియుసుగారి సమాధి రాయి అని ఆయన ఊహించాడు. 9వ పయస్ పోపుగారు ఆ తోటను కొనేలా చేశాడు. 1852లో భూమి లోపలి సమాధి గదిలో మిగిలిన ముక్క దొరికింది. రెండూ అతికితే పేరు పూర్తయింది. దివ్యబలిపూజ మొదటి కృతజ్ఞతార్చనలో శ్రీసభ నేటికీ స్మరించే పేరు అది. ఇదీ సమాధులలో చిక్కుముడి విప్పడమే. కాని అది ఒక మనిషి దగ్గర ముగిసింది.

రెండవది మన ఇంటి పక్కనే జరిగింది. జగ్గయ్యపేట దగ్గరి దిబ్బను జనం ధనబోడు అని పిలిచేవారు. ధనం ఉందన్న ఆశ ఆ పేరులోనే వినిపిస్తుంది. 1882లో జేమ్స్ బర్జెస్ అనే అధికారి అక్కడ పరిశోధించినప్పుడు బయటపడినది బౌద్ధ స్తూపం. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో వేయించిన శాసనం అక్కడ దొరికింది. అందులో ఉన్నదేమిటి? సిద్ధార్థుడనే ఒక పనివాడు అక్కడ స్తంభాలు నిలిపించి తన తండ్రి, తల్లి, భార్య, కొడుకు, కూతురు, సోదరుడు, అతని కుటుంబం అందరి పేర్లూ చెక్కించాడు. రాజు పేరు తేదీ చెప్పడానికి వచ్చింది. మిగిలినదంతా ఒక పనివాని ఇంటి పేర్ల వరుస! పదహారు వందల ఏళ్లకు పైగా ధనబోడు దాచిపెట్టిన ధనం అదే. వారి మతం మనది కాదు. అయినా తనవారి పేర్లు చెరిగిపోకూడదన్న ఆ పనివాని ఆరాటం మనకు పరాయిది కాదు.

మూడవ రకం వెతుకులాట గురించి పత్రికల్లో చదువుతూనే ఉంటాం. గుప్తనిధుల మీద ఆశతో అర్ధరాత్రి పాత గుళ్లనూ పాత సమాధులనూ తవ్వేవారిది అది. వారు వంచిన తల ఎత్తరు, పల్లెత్తు మాట మాట్లాడరు. మౌనమే గౌరవమైతే వారిని మించిన భక్తులు ఉండరు! కాని వారికి అక్కడి మనిషితో పని లేదు. ఎముక అడ్డం, మట్టి అడ్డం, పేరు అనవసరం.

చిక్కుముడి ఆట ఈ రెంటికీ మధ్య నిలుస్తుంది. అది దొంగతనం కాదు. అలాగని దానంతట అదే స్మరణ కూడా కాదు. 1851లో ప్రసవంలో పోయిన తల్లి నుండి ఆటగాడు చివరి అంకె ‘1’ మాత్రమే తీసుకొని వెళ్లిపోతే, ఆమె అతనికి మనిషి కాలేదు. డబ్బాకు దారి మాత్రమే అయింది.

అయితే ఆట అన్న మాట వినగానే నుదురు ముడిచేవారికి ఒక సంగతి చెప్పాలి. పునీత అగస్తీనుగారి తల్లి పునీత మోనికమ్మ 387లో రోము దగ్గరి ఓస్తియా రేవులో, ఆఫ్రికాలోని సొంత ఊరికి దూరంగా మరణించింది. తన దేహాన్ని ఎక్కడ పాతిపెట్టినా దిగులు లేదు, దేవుని బలిపీఠం దగ్గర మాత్రం తనను తలచుకోండని కొడుకులను కోరింది. ఆమె అవశేషాలు 1430లో రోముకు చేరాయి. ఓస్తియాలోని సమాధి రాయి మాత్రం ఎవరికీ తెలియకుండా పోయింది. 1945లో అక్కడి దేవాలయం పక్కన ఇద్దరు పిల్లలు ఆట కోసం గుంజ పాతుదామని గుంట తవ్వారు. పాలరాతి ముక్క ఒకటి తగిలింది. చూస్తే అది మోనికమ్మ సమాధి రాతలో ఒక భాగం! పండితులకు దొరకనిది ఆడుకొనే పిల్లలకు దొరికింది. కాబట్టి ఆటను పాపమనలేము. ఆ పిల్లలు రాయిని పక్కకు విసిరేసి గుంజ పాతుకొని ఉంటే మాత్రం వేరే కథ.

మన జాతీయ రహదారి మీదనే ఇంకొంత దూరం ప్రయాణం చేద్దాం. జగ్గయ్యపేట, నందిగామ, విజయవాడ దాటిన ఆ దారి బందరులో ముగుస్తుంది. 2022లో జిల్లాలు విడిపోయి మనం ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వచ్చాము గాని, అంతకు ముందు బందరు మన జిల్లా కేంద్రమే. ఇంగ్లీషుపాలెం, పరాసుపేట, వలందపాలెం అనే అక్కడి పేటల పేర్లే ఏయే దేశాలవారు దిగారో చెబుతాయి. వలందులంటే డచ్చివారు. 17, 18 శతాబ్దాల నాటి వారి సమాధులు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. పెద్ద పెద్ద రాతి పలకలు, వాటి మీద వంశ చిహ్నాలు, ఓపికగా చెక్కిన అక్షరాలు. మన రాష్ట్రంలో ఎవరైనా ఈ చిక్కుముడి ఆట కట్టాలనుకుంటే వారి కన్ను మొదట ఇక్కడే పడుతుంది. కావలసిన అంకెలన్నీ రాళ్ల మీదే ఉన్నాయి.

కాని అదే బందరులో, 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఏమి జరిగిందో గుర్తు తెచ్చుకోండి. ఆ రోజు సకల పునీతుల పండుగ. తెల్లవారితే మృతుల స్మరణ దినం. ఆ రాత్రి తుపానుతో పాటు సముద్రం ఊరి మీదికి వచ్చింది. దాదాపు 30,000 మంది ప్రాణాలు పోయాయని లెక్క. వారిలో ఎంతమందికి రాయి ఉంది? జాలరి, చాకలి, కూలి, చంటిబిడ్డ, రేవులో మూటలు మోసినవాడు — వీరి పుట్టిన సంవత్సరం ఏ పలక మీద ఉంది? వారి మీద ఏ ఆటా కట్టలేము, ఎందుకంటే వారు మనకు ఒక్క అంకె కూడా మిగల్చలేదు. ప్రియ పాఠకులారా, ఈ ఆటలోని అసలు లోటు ఇక్కడే ఉందని నాకు తోస్తుంది. అది రాయి ఉన్నవారినే వెతుకుతుంది. రాయి లేనివారు దానికి పనికిరారు.

ఆరెగన్‌లో కూడా ఇదే కథ. 1840ల నుండి ఎద్దుబండ్ల మీద వేల మైళ్లు నడిచి ఆ ప్రాంతానికి వలస వెళ్లినవారిలో ఎందరో కలరాతో దారిలోనే పోయారు. తోడేళ్లు తవ్వకుండా శవాన్ని బండ్ల బాట మీదనే పాతి, ఆనవాలు తెలియకుండా పైనుండి బండ్లు తోలుకుపోయేవారు. చివరి దాకా చేరినవారికి సమాధుల తోట దక్కింది. చేరనివారి సమాధి మీద దారి నడిచింది.

ఇక మన సంగతి. మనకూ తొలి తరం ఉంది. 1855లో మిలాన్ గురువులు హైదరాబాదు మిషను బాధ్యత తీసుకున్నారు. 1937లో బెజవాడ మేత్రాసనం ఏర్పడింది. ఇటలీ నుండి వచ్చి ఈ మట్టిలోనే కలిసిన ఆ గురువులకు పేరున్న రాళ్లు ఉన్నాయి. మంచిదే. కాని వారి కంటె ముందు పల్లెకు నడిచి వెళ్లి, చెట్టు కింద పిల్లలకు జపాలు నేర్పి, చావుబ్రతుకుల్లో ఉన్నవారికి జ్ఞానస్నానమిచ్చిన ఉపదేశులు ఎక్కడ? జ్ఞానస్నానం పొందినందుకు ఊరివారి మాటలు పడిన మొదటి కుటుంబాలు ఎక్కడ? చాలామందికి మట్టి దిబ్బ, వెదురు సిలువ. నాలుగు వానలకు దిబ్బ కుంగుతుంది, సిలువ చెదలు తింటుంది. చాలీచాలని స్థలంలో ఇరవై ఏళ్ల తరువాత అక్కడే ఇంకొకరికి గుంట తవ్వుతారు. పలుగుకు పాత ఎముక తగిలితే తవ్వేవాడు క్షణం ఆగి, పక్కన పెట్టి, మళ్లీ మట్టిలో కలుపుతాడు. ఉన్నవారి పాలరాతి గూళ్లు ముందు వరుసలో, లేనివారి దిబ్బలు గోడ వార. బ్రతికి ఉండగా వేసిన వరుసలు చనిపోయాక కూడా మారలేదు.

‘పేరు తెలియకపోతేనేమి? దేవునికి తెలుసు కదా!’ అని ఎవరైనా అనవచ్చు. అది నిజమే. మనం తలచుకుంటేనే మృతులు దేవుని ఎదుట నిలుస్తారని శ్రీసభ ఎన్నడూ చెప్పలేదు. అగస్తీనుగారు మృతుల పట్ల శ్రద్ధ గురించి ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. ఆడంబరమైన అంత్యక్రియలు మృతునికి సాయం కంటె బ్రతికి ఉన్నవారికి ఓదార్పేనని అందులో తేల్చారు. కాని అదే గ్రంథంలో దేహాన్ని అశ్రద్ధ చేయరాదనీ, మృతుల కొరకు ప్రార్థన మానరాదనీ నేర్పారు. దేవునికి తెలుసు అన్న మాట మన బద్ధకానికి దుప్పటి కాకూడదు. ఆకలిగొన్నవాడు కూడా దేవునికి తెలుసు. అందుకని అన్నం పెట్టడం మానము కదా! మృతులను పాతిపెట్టడం, వారి కొరకు ప్రార్థించడం కారుణ్య క్రియలని చిన్ననాడే జ్ఞానోపదేశంలో నేర్చుకున్నాము. వీధిలో పడి ఉన్న తనవారి శవాన్ని పాతిపెట్టడానికి ముద్ద దిగకుండా భోజనం మీది నుండి లేచి వెళ్లిన తోబీతు మన బైబులులోనే ఉన్నాడు.

సమాధుల తోటలో జరిగిన వెతుకులాటలన్నిటిలో గొప్పది ఆదివారం తెల్లవారుజామున జరిగింది. మగ్దల మరియమ్మ వెతికింది ఒక మృతదేహం కోసం. ఎదుట నిలబడినవారిని తోటమాలి అనుకుంది. ఆనవాళ్లు ఆమె చిక్కును విప్పలేదు. ప్రభువు ఆమెను పేరు పెట్టి పిలిచినప్పుడే ఆమె కళ్లు తెరచుకున్నాయి. క్రైస్తవుని వెతుకులాటకు ముగింపు అది: ఒక మనిషి, ఒక పేరు, ఒక పిలుపు.

అయితే మన పిల్లలకు ఏ వెతుకులాట నేర్పుదాం? నా మనసులో ఒకటుంది. శ్రీసభ ధర్మశాస్త్రం ప్రకారం ప్రతి విచారణలో జ్ఞానస్నాన, వివాహ పుస్తకాలతో పాటు మృతుల పుస్తకం కూడా ఉండాలి. భూస్థాపన జరిగాక అందులో వివరాలు రాయాలి. విచారణ గురువుల అనుమతితో, పెద్దల తోడుగా, యువతీ యువకులు ఆ పుస్తకం నుండి పాత పేర్లు రాసుకోనివ్వండి. ప్రతి జట్టుకు పది పేర్లు. ఎనభై దాటిన అమ్మమ్మల దగ్గరికి, గుంటలు తవ్వేవాని దగ్గరికి వెళ్లి అడగనివ్వండి: ‘ఈయన ఎవరు? ఏ వైపు పడుకున్నారు? ఏమి పని చేసేవారు?’ రాయి నుండి అంకె తీసుకొనే ఆట కాదు ఇది. పేరు చేతబట్టుకొని రాయి లేని చోటును వెతికే పని. ఇందులో కష్టమైన చిక్కుముడులు ఉంటాయి, పిల్లలకు కావలసిన ఉత్సాహమూ ఉంటుంది. పుస్తకంలో ఎక్కని పేర్లు ముసలివారి నోట బయటపడతాయి. వాటిని వేరే కాగితం మీద రాసి గురువులకు అందించాలి.

మరి అమెరికా నుండి వచ్చిన మనుమని ఆట? ఆడనివ్వవచ్చునని నా అభిప్రాయం, మూడు నియమాలతో. ఒకటి, విచారణ గురువులనూ ఆ సమాధుల కుటుంబాలనూ అడగాలి. కొత్తగా దుఃఖం తగిలిన ఇంటివారి సమాధి జోలికి పోకూడదు. రెండు, సమాధి మీద ఎక్కకూడదు, తవ్వకూడదు, ఏదీ దాచకూడదు. మూడు, ఏ రాయి నుండి ఒక అంకె తీసుకుంటే ఆ రాయి మీది పేరును గట్టిగా చదవాలి, ఒక పరలోక జపం చెప్పాలి. ఆ మనిషి మన మతంవాడు కాకపోయినా సరే. పూజలో శ్రీసభ క్రైస్తవుల కొరకే కాక, మరణించిన వారందరి కొరకూ ప్రార్థిస్తున్నది. తీసుకున్నదానికి బదులు ఏదో ఒకటి పెట్టాలన్నది ఆ ఆట నియమమే. మృతుని దగ్గర అంకె తీసుకున్నవాడు ప్రార్థన పెట్టి వెళ్లడం న్యాయం.

నవంబరు 1 నుండి 8 వరకు సమాధుల తోటను భక్తితో దర్శించి మృతుల కొరకు ప్రార్థించేవారు పాపసంకీర్తనం, దివ్యసత్ప్రసాద స్వీకారం, పోపుగారి తలంపుల కొరకు ప్రార్థన మొదలైన షరతులు పాటిస్తే ఉత్తరించు స్థలంలోని ఆత్మలకు సంపూర్ణ పాపశిక్షా విమోచనం అందించవచ్చునని శ్రీసభ నేర్పుతున్నది. ఈ ఏడు మీ వారి సమాధికి సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించిన తరువాత వెంటనే ఇంటి దారి పట్టకండి. ఇంకొక కొవ్వొత్తి మిగుల్చుకోండి. గోడ వార, గడ్డి మొలిచి, దిబ్బ కుంగి, ఎవరిదో తెలియని చోటు ఒకటి ఉంటుంది. పిల్లల చేత వెతికించి, వారి చేతనే అక్కడ వెలిగించండి.